తలుపు తట్టిందెవరు?

దీపాలు పెట్టేవేళకి పందిరి నిండా జనం ఉండేవారు. సంతబయలు అవతలి కొసన టూరింగ్ టాకీసు మైకు పాట అందుకోగానే ఒక్కొక్కరే లేచి, చాప చుట్టుకుని, ఎవరి కంటా పడకూడదన్నట్టు వంగి వంగి బయటికి జారుకునేవారు. కూర్మనాథం వేదిక మీదినుంచి అదంతా చూస్తూనే హరికథ చెప్పేవాడు.

బొండపేటలో శ్రీరామనవమి పందిరి అది. ఏటా సన్యాసయ్య దాసుగారే వచ్చి కథ చెప్పేవారు. ఆ ఏడు ఆయన చిరతలు శిష్యుడి చేతిలో పెట్టి, "ఈసారి నువ్వు చెప్పు. నేను వెనక కూచుని వింటాను" అన్నారు.

ఆ మాట కోసం కూర్మనాథం ఎన్నాళ్ళనుంచో కాచుకుని ఉన్నాడు. విజయనగరంలో సంగీతం నేర్చుకున్నవాడు. సంస్కృతం చదువుకున్నవాడు. గొంతెత్తితే పందిరి రాటలు మోగుతాయి. సీతమ్మ నడక మీద ఒక పద్యం అందుకున్నాడంటే దానికి అర్థం చెప్పి, అందులో అలంకారం విప్పి చూపించి, మళ్ళీ అదే పద్యాన్ని వేరే రాగంలో పాడితే గాని వదిలేవాడు కాదు. ముందు వరసలో కుర్చీల మీద కూచున్న హెడ్మాస్టరుగారూ, పురోహితులుగారూ "భేష్, భేష్" అనేవారు. వాళ్ళ వెనక చాపలు ఖాళీ అయ్యేవి.

ఆవేళ మంగళం పాడేసరికి పందిట్లో ఆ పెద్దమనుషులిద్దరూ, ప్రసాదం కోసం ఆగిన ముసలమ్మలూ తప్ప ఎవరూ లేరు. హార్మోనియం ఆయన కూడా హారతి పళ్ళెం తిరగకముందే పెట్టె మూసేశాడు.

బసకి వచ్చాక కూర్మనాథం కాలి గజ్జెలు విప్పి విసిరినంత పని చేశాడు.

"జనం పాడైపోయారండీ గురువుగారూ. రామకథ చెబుతాం కూచోండర్రా అంటే, బొమ్మలు చూస్తామని పోతున్నారు. ఏముందక్కడ? గుడ్డ మీద నీడలు. వాటికోసం ఎదురుగా నిలబడి పాడుతున్న మనిషిని వదిలేసి పోతారా?"

దాసుగారు గోడకి చేరగిలబడి మజ్జిగన్నం తింటున్నారు.

"మిగతా రోజులు మీరే చెప్పండి. నా వల్ల కాదు. మా మావయ్య బళ్ళో పాటల మేష్టారి పని ఇప్పిస్తానంటున్నాడు. పోయి అది చేసుకుంటాను. అక్కడైతే గంట కొట్టేదాకా ఎవరూ లేచిపోలేరు."

దాసుగారు మాగాయ టెంక చీకి పక్కన పెట్టారు.

"రేపు పందిట్లో ఆడవాళ్ళ భజన. మనకి ఖాళీయే. సాయంత్రం టెంటుకి వెళ్దాం."

"ఎక్కడికండీ?"

"సినిమాకి."

"మీరా?"

"ఏం, నాకు కళ్ళు లేవా?" అన్నారు దాసుగారు.

మర్నాడు పొద్దు వాలగానే ఇద్దరూ టెంటుకి వెళ్ళారు. టెంటు యజమాని పోలినాయుడు దాసుగారిని చూసి ఎదురొచ్చి, కుర్చీ వేయించబోయాడు. దాసుగారు వద్దని, నేల తరగతిలోకి నడిచి, ఇసకలో బాసింపట్టు వేసుకు కూచున్నారు. కూర్మనాథం పంచె ఎగదోసుకుని, చుట్టూ చూసుకుని, ఆయన పక్కన ముడుచుకు కూచున్నాడు.

వెనకనుంచి ఎవరో దాసుగారి భుజం తట్టారు. నెరిసిన జుట్టూ, చెవులకి బరువైన కమ్మలూ ఉన్న ఒక ముసలమ్మ.

"ఆ తలపాగా తీసెయ్యి బావూ. నాకేటీ అవుపడదు."

కూర్మనాథం ఆమె మీద కస్సుమనబోయాడు. ఈలోగా దాసుగారు జరీ తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇప్పుడు కనిపిస్తోందా అమ్మా?"

"ఇప్పుడు బాగుంది." ఆ ముసలమ్మ కాస్త ముందుకి జరిగి వాళ్ళ పక్కనే చేరింది. ఆమె పేరు పైడమ్మ. ఊళ్ళో దుంపలూ కూరలూ అమ్ముతుంది. ఆ సినిమా టెంటుకి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్న కోడలు, అత్తకి కథ చెప్పకుండా, వెళ్ళి చూసి రమ్మని ఆవేళ పంపిందట.

దీపాలు ఆరాయి. బొమ్మ పడింది.

కూర్మనాథం మొదట తప్పులు వెతికాడు. పెళ్ళిలో పాడే పాటలో అపస్వరం పడింది. వీణ పట్టుకున్న అమ్మాయికి వీణ పట్టుకోవడమే రాదు. గురువుగారి చెవిలో ఆ సంగతి చెప్పాడు. ఆయన "ఊఁ" అన్నారు, కళ్ళు తెర మీదినుంచి తియ్యకుండా. ఇంకో తప్పు చెప్పాడు. ఈసారి "ఊఁ" కూడా లేదు.

కథ రంగూన్ కథ. మంగ అనే పిల్ల మొగుడు రాజన్న విశాఖపట్నం రేవులో ఓడెక్కి రంగూన్ పోతాడు. రేవులో ఓడ కూత వినగానే టెంటులో అలజడి పుట్టింది. ఆ ప్రాంతంలో రంగూన్‌కి మనిషిని పంపని వీధి లేదు. యుద్ధం వచ్చినప్పుడు కొందరు అడవుల్లోంచి నడిచి ఇల్లు చేరారు. కొందరు చేరలేదు.

"మావోడూ ఆ ఓడెక్కే ఎల్లేడు," అంది పైడమ్మ, ఎవరితోనూ కాకుండా. "యుద్దానికి ముందల. ఇంకా రాలేదు."

కూరలు ఇంకా సంతకి రాలేదన్నంత మామూలుగా అంది. కూర్మనాథం ఆమె వైపు తిరిగి చూసి, మళ్ళీ తెర వైపు తిరిగాడు. తర్వాత అతనికి తప్పులు వెతకడం గుర్తు రాలేదు.

అయితే సినిమా అంతా ఒకేలా లేదు. మంగ అత్తారింట్లో రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండగా, మధ్యలో ఒక పెళ్ళిళ్ళ పేరయ్యా, ఒక మంగలీ వచ్చి బురదలో జారిపడటం మొదలుపెట్టారు. ఒకసారి పడితే జనం నవ్వారు. మళ్ళీ పడ్డారు. మేకని తరిమారు. మేక వాళ్ళని తరిమింది. టెంటులో చుట్టలు వెలిగాయి. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆడవాళ్ళు మర్నాటి కూర సంగతి మాట్లాడుకున్నారు. కొందరు లేచి సోడా తాగడానికి పోయారు. పైడమ్మ ఇసకలో వెల్లకిలా పడుకుంది.

దాసుగారు నోరంతా తెరిచి ఆవలించారు.

కూర్మనాథం ఆ ఆవలింత చూశాడు. చుట్టూ వినిపిస్తున్న దగ్గులూ, గుసగుసలూ, చాపలు దులిపే చప్పుడూ విన్నాడు. ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. చెవులు వేడెక్కాయి. ఆ పెళ్ళిళ్ళ పేరయ్య వేషం వేసినవాడు మాత్రం తన పనితనానికి తనే మురిసిపోతూ తెర మీద ఇంకా కులుకుతున్నాడు.

అంతలో మంగ మళ్ళీ కనిపించింది. వాకిట్లో నిలబడి ఉంది, అంతే. ఎవరూ ఎవరినీ సద్దుమణగమనలేదు. టెంటు దానంతట అదే సద్దుమణిగింది. సోడాకి పోయినవాళ్ళు సీసాలు పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. పైడమ్మ లేచి కూచుంది.

రాజన్న పోయాడని ఊళ్ళో పుకారు. మంగ బొట్టు చెరపమని పెద్దలు పట్టుపట్టారు. చూసినవాళ్ళు వచ్చి నాతో చెబితే తప్ప చెరపనంటుంది మంగ. తెల్లారితే గాజులు పగలగొట్టాలని తీర్మానం. ఆ రాత్రి కుండపోత వాన. ఇంట్లో ఎవరూ లేరు. వెనకగదిలో దీపం దగ్గర మంగ ఒక్కతే కూచుని ఉంది.

తలుపు చప్పుడైంది.

మంగ తలెత్తింది.

తెర తెల్లబోయింది. టెంటులో దీపాలు వెలిగాయి.

జనం రీలు మారుస్తారని చూశారు. ఎంతకీ బొమ్మ పడలేదు. పోలినాయుడు చేతులు జోడించుకుంటూ వచ్చాడు. సినిమా రీళ్ళు ఒక్క జతేనట, ఆడే టెంటులు రెండట. పక్కూళ్ళో ఆడిన రీలు సైకిలు మీద ఇక్కడికి రావాలట. "వచ్చేస్తోంది. కాసింత ఓపిక పట్టండి" అన్నాడు.

ఎవరు పడతారు ఓపిక! "తలుపు తియ్యరా!" అని ఒకడు అరిచాడు. ఈలలు మొదలయ్యాయి. ఎవరో ఇసక చిమ్మారు. కుర్రకారు టెంటు రాట పట్టుకుని ఊపడం మొదలుపెట్టారు. పోలినాయుడు దాసుగారి దగ్గరికి వచ్చి గొంతుక్కూచున్నాడు.

"దాసుగారూ, మీరే కాపాడాలి. రాటలు పీకేసేలా ఉన్నారు. రీలొచ్చేదాకా వీళ్ళని కాస్త పట్టండి బాబూ."

దాసుగారు శిష్యుడి వైపు చూశారు. "కూర్మం, వెళ్ళు."

కూర్మనాథం లేచాడు. అతనికి లోపల సంతోషంగానే ఉంది. నీడలు ఆగిపోయాయి. ఇప్పుడు కావలసింది బతికున్న మనిషే. తెర ముందున్న మట్టి గట్టు ఎక్కి, కళ్ళు మూసుకుని, మోహన రాగంలో ప్రార్థన ఎత్తుకున్నాడు. ఆ గొంతుకి అరుపులు ఆగాయి.

"సభాసదులారా," అన్నాడు కూర్మనాథం. "ఈ మంగ వంటి పతివ్రతలు మన పురాణాల్లో ఎందరో ఉన్నారు. పాతివ్రత్యమనగా ఏమి? దానికి మన పెద్దలు చెప్పిన లక్షణం ఒక శ్లోకంలో..."

"అది సరే గానీ బావూ, తలుపు కాడ ఎవులో సెప్పు!" అంది ఒక ఆడగొంతు.

టెంటు గొల్లుమంది. కూర్మనాథం స్వరం పెంచాడు. శ్లోకం చెప్పాడు. దాని అర్థం మొదలుపెట్టాడు. ఈలలు అతని గొంతుని మించిపోయాయి. పై స్థాయికి వెళ్ళబోతే గొంతు జీరపోయింది. చివరి మాట నోట్లోనే మింగి గట్టు దిగి వచ్చేశాడు.

దాసుగారు పక్కన ఇసక తట్టి చూపించారు, కూచోమని. తరువాత తను లేచారు. పంచె దులుపుకున్నారు. గజ్జెలు లేవు, చిరతలు లేవు, తలపాగా కూడా లేదు.

గట్టు ఎక్కి ఆయన జనం వైపు తిరగలేదు. తెల్లటి తెర వైపు తిరిగి, అక్కడ తలుపున్నట్టే చూస్తూ నిలబడ్డారు. చాలాసేపు అలాగే ఉన్నారు. అరుస్తున్నవాళ్ళు ఏం చూస్తున్నాడా అని ఆగారు.

అప్పుడు ఇటు తిరిగి మెల్లిగా అడిగారు. "ఎవరంటారు?"

"రాజన్నే!" అన్నారు సగం మంది.

"కాదు, మరిది! గాజులు పగలగొట్టడానికి తెల్లారేదాకా ఆగలేక వచ్చేడు!"

"చావుకబురు తంతి పట్టుకొచ్చిన జవానండీ!"

దాసుగారు ప్రతి మాటా విన్నారు. ఒక్కో మాటకీ ఆయన మొహం ఒక్కోలా మారింది. రాజన్న అన్నప్పుడు వెలిగింది. తంతి అన్నప్పుడు పాలిపోయింది. ఆయన చెయ్యి చాపి, టెంటు రాట మీద వేలి కణుపుతో కొట్టారు. టక్. టక్.

టెంటులో ఊపిరి చప్పుడు కూడా లేదు.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. తలుపు తియ్యలేదు. వెనకగదిలోంచి వీధి గుమ్మం దాకా మంగ నడిచి రావాలి కదా, ఆ నడక చెప్పారు. దీపం పట్టుకుని లేచింది. కాలికి రుబ్బురోలు తగిలింది. ఓడెక్కే ముందురోజు రాజన్న ఈ రోటి దగ్గరే కూచుని, తను పప్పు రుబ్బుతుంటే పొత్రం పట్టుకుని ఆపి, "ఒకమాటు ఇటు చూడు" అన్నాడు. అప్పుడు సిగ్గుపడి చూడలేదు. ఇంకా రెండడుగులు వేసింది. దండెం మీద అతని తువ్వాలు. ఉతికితే అతని వాసన పోతుందని ఉతకనే లేదు. నడవలోకి వచ్చింది. మళ్ళీ వెనక్కి తిరిగింది. బొట్టు సరిగ్గా ఉందో లేదో, వచ్చినవాడు అతనే అయితే ఇలాగా కనబడటం! కుంకం భరిణె తీసింది. వేలు నుదుటి దాకా పోయి ఆగింది. వచ్చింది అతను కాకపోతే? రేపు చెరిపే బొట్టుని ఇవాళ దిద్దుకోవడమా?

అక్కడ ఆయన పాడారు. రాగాలాపన లేదు, గమకాలు లేవు. ఆ పక్క పల్లెల్లో ఆడవాళ్ళు ఊడ్పుల్లో పాడుకునే వరసలో రెండే చరణాలు.

"ఓడెక్కి ఎల్లేటి ఓ నాయుడు బావా,
నీడైన నా తోడు దించెల్లరాదా."

రెండోసారి పాడేటప్పుడు పైడమ్మ గొంతు కలిపింది. తరువాత ఆమె వెనక ఎవరో కలిపారు. తరువాత నేల మీదున్న ఆడవాళ్ళంతా. రాటలు ఊపిన కుర్రాళ్ళు వాటినే కావలించుకుని వింటున్నారు. అది ఏ రాగమో కూర్మనాథానికి తట్టలేదు. తట్టలేదన్న సంగతి కూడా తట్టలేదు.

మంగ గుమ్మం చేరింది. దీపం ఎడమచేతిలోకి మార్చుకుంది. కుడిచెయ్యి గడియ మీద వేసింది.

బయట సైకిలు గంట మోగింది. పోలినాయుడు పరిగెత్తి రీలు పెట్టె అందుకున్నాడు. మిషన్ దగ్గరివాడు రీలు ఎక్కించి, గట్టు వైపు చూసి, చెయ్యి అక్కడే ఆపేశాడు. పోలినాయుడు కూడా కళ్ళు తుడుచుకుంటూ, కానివ్వండి కానివ్వండి అని దాసుగారికి సైగ చేశాడు. జనంలో ఒక్కరైనా మిషన్ వైపు తిరిగి చూడలేదు.

"సెప్పండి దాసుగారూ! తలుపు తియ్యండి!"

టెంటు టెంటంతా ఆయన అరచేతిలో ఉంది. ఆ ఒక్క క్షణం కోసం ఒక దాసు జీవితమంతా పాడుకుంటాడని కూర్మనాథానికి తెలుసు. గురువుగారు తలుపు ఎలా తీస్తారా అని ముందుకి వంగాడు.

దాసుగారు జనం తలల మీదుగా మిషన్ వైపు చూశారు.

"రీలు వచ్చిందా?" అన్నారు. "ఇంకేం, వెయ్యండి, వెయ్యండి!"

గబగబా గట్టు దిగారు. కాళ్ళూ చేతులూ దాటుకుంటూ, ఒకరి మీద తూలుతూ వచ్చి తన చోట చతికిలబడ్డారు. "దీపాలు ఆర్పండర్రా!"

"గురువుగారూ," అన్నాడు కూర్మనాథం ఉండబట్టలేక. "జనం మీ చేతిలో ఉన్నారు. ఒక్క మాట. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఉష్. తలుపు తీస్తోంది."

ఆయన చెయ్యి కూర్మనాథం భుజం మీద పడింది. చీకటి పడింది. బొమ్మ పడింది.

మంగ తలుపు తీసింది. గుమ్మంలో ఎవరో గడ్డపాయన, ఎప్పుడూ చూడని మనిషి. చొక్కా పీలికలై ఉంది. "అయ్యో" అని టెంటంతా ఒక్కసారి మూలిగింది. మంగ తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయింది. ఆ మనిషి ఏమీ చెప్పలేదు. పక్కకి తప్పుకున్నాడు.

వెనక, మెట్టు మీద, వానలో ఇంకొకడు కూచుని ఉన్నాడు. రెండు పాదాలకీ గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఇంటి దాకా మోసుకొచ్చిన కాళ్ళు ఆ ఆఖరి మెట్టు ఎక్కలేకపోయాయి.

మంగ పరిగెత్తలేదు. అరవలేదు. చేతిలో దీపం ముందుకి చాపింది. వెలుగు అతని మొహం మీద పడింది. ఆమె చెయ్యి వణుకుతోంది గనక ఆ వెలుగు కూడా వణుకుతోంది. తెర మీద ఇంకేమీ లేదు. పాట లేదు. మాట లేదు. వాన చప్పుడూ, వణికే వెలుగూ, ఆ మొహమూ. అలా ఎంతసేపో ఉంచేశారు.

పాట పెట్టలేదు, అనుకున్నాడు కూర్మనాథం. ఇక్కడ పాట పెట్టకుండా ఆగినవాడెవడో గాని! అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మహానుభావుడికి చీకట్లోనే దణ్ణం పెట్టాలనిపించింది.

తరువాత టెంటు విరుచుకుపడింది. కేకలు, ఈలలు, ఏడుపులు. ముక్కూ మొహం ఎరగనివాళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. దాసుగారు తొడ చరుచుకుంటూ వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

కూర్మనాథానికి పైడమ్మ వైపు చూడాలంటే భయం వేసింది. చూడకుండానూ ఉండలేకపోయాడు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది, నవ్వుతోంది. దాసుగారి మోచెయ్యి పట్టుకుని ఊపింది.

"ఈడొచ్చేడు బావూ. ఈడైనా వచ్చేడు."

"వచ్చాడమ్మా," అన్నారు దాసుగారు.

ఆట అయ్యాక గురుశిష్యులిద్దరూ సంతబయలుకి అడ్డంపడి బసకి నడిచారు. ముందూ వెనకా జనం మంగ గురించే మాట్లాడుకుంటూ పోతున్నారు. బురదలో జారిపడ్డవాళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. పందిట్లో భజన ముగించి ఆడవాళ్ళు కుందులు సర్దుకుంటున్నారు.

"రేపు ఏ ఘట్టం?" అని అడిగారు దాసుగారు.

"నందిగ్రామంలో భరతుడండీ. అన్నగారి కోసం దారి చూడటం."

"బావుంది. నువ్వే చెప్పు."

కూర్మనాథం కాదనలేదు.

"గురువుగారూ, ఒకటి అడుగుతాను. గట్టు మీద నిలబడ్డప్పుడు, తలుపవతల ఎవరున్నారని మీరు అనుకున్నారు?"

"అనుకోడమేమిటిరా? ఈ సినిమా నేను పార్వతీపురంలో చూశాను. బొబ్బిలిలో మళ్ళీ చూశాను."

కూర్మనాథం నిలబడిపోయాడు.

"ముందే తెలుసా మీకు? మరి అంత ఆత్రంగా పరిగెత్తుకొచ్చి కూచున్నారు. తలుపు తెరుచుకుంటూ ఉంటే మీ చెయ్యి నా భుజం మీదే ఉంది. వణికిందండీ. నాకు తెలిసింది."

దాసుగారు తలపాగా చుట్టుకుంటూ ముందుకి నడిచారు.

"నాకు తెలుసురా. మంగకి తెలీదు కదా."